ఎవరి బిడ్డవు అని అడిగిన సర్వర్

నేను డిగ్రీ పాసైన సంగతి అందరికన్న ముందు తెలిసింది మా బర్రెకు. అవ్వ, బాపు పత్తి చేనుకు పోయిండ్రు. మాది కొడకండ్ల పక్కపొంటి చిన్న ఊరు, అప్పుడు ఇండ్లల్ల సిగ్నలు అందకపోతుండె. కొట్టం ముందటి బండ మీద ఎక్కి సెల్లు పైకి పట్టుకుంటె గప్పుడు వచ్చింది మెసేజ్. ఫస్ట్ క్లాస్. చెప్పుకుందామంటె చుట్టుపక్కల మనిషి లేడు. బండ దిగి బర్రె మెడ చుట్టు చేతులేసి, పాసైన అని చెప్పిన. అది గడ్డి నములుడు ఆపలే. ఇగ ఆగలేక చేను దాక ఉరికిన.

మా ఇంట్ల డిగ్రీ అంటె మొదటిది నాదే. బాపుకు సంతకం వస్తది, చదువుడు రాదు. అవ్వకు సంతకం గూడ రాదు. పత్తి చెట్ల నడుమ నిలవడి చెప్తె, బాపు తలకు చుట్టిన తువ్వాల తీసి మొఖం తుడుసుకున్నడు. "ఇంక దీని పైన పరీక్షలేమన్న ఉన్నయా బిడ్డా?" అని అడిగిండు. లేవు, ఇది అయిపోయినట్టే అన్న. అయిపోయినట్టే అని చెప్పెసరికి నాకే ఏడుపొచ్చింది.

ఈ ముచ్చట ముందుగాల ఎందుకు చెప్తున్ననంటె, ఆ దినంసంది నాకొక రోగం పట్టింది. సంతోషమైతె నోట్లె ఆగదు. దారిన పొయ్యేటోళ్ళను గూడ ఆపి చెప్తుంటి. ఆ రోగంతోటి ఒక పిల్ల సర్కారు కొలువు పొయ్యేంత పని చేసిన.

చదువుకుంటనే నేను జనగామల ఒక కంప్యూటర్ సెంటర్ల పాఠాలు చెప్తుంటి. సెంటర్ భాయ్‌ది. ఆయన ముందు ఎస్టీడీ బూత్ పెట్టిండు, తరువాత జిరాక్సు మిషను, ఆఖరికి ఆరు కంప్యూటర్లు. ఇంట్ల దక్కనీ మాట్లాడుతడు, దుకాణంల తెలుగు, కోపమొస్తె రెండూ కలుస్తయి. నన్ను బేటీ అంటడు. పాసైనంక మిఠాయి డబ్బ పట్టుకపోతె, సగం తనే తిని, మిగిలిన సగం బజార్ల దుకాణాలకు పంచి, మా మేడం పాసైందని చెప్పివచ్చిండు. అంటె నాకున్న రోగం ఆయనకు గూడ జర ఉన్నది.

నాలుగు దినాలకే సమ్మె మొదలైంది. తెలంగాణ రాష్ట్రం కావాలని బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. భూపాలపల్లిల బొగ్గు బాయిలు గూడ బంద్ అయినయి. బొగ్గు లేక కరెంటు కోతలు పెరిగినయి. మేం షట్టర్ సగం దించి లోపట ఊకనే కూసుంటుంటిమి. అట్లాంటి ఒక పొద్దు మానుకోట నుంచి సార్ ఫోన్ చేసిండు. ఇంటర్ల నాకు లెక్కలు చెప్పిన సార్. ఆయన గూడ సమ్మెలనే ఉన్నడు. కాలేజీకి పోవద్దన్నరు గని పాఠం చెప్పొద్దని ఎవలూ అనలే అన్నడు. పోటీ పరీక్షలు రాసే పిల్లలు ఆగమైతున్నరు, భూపాలపల్లిల బొగ్గు బాయి కార్మికుల పిల్లలు రోజూ ఫోన్ చేస్తున్నరు, నీ కంప్యూటర్లల్ల ఏమన్న ఉపాయం ఉన్నదా అని అడిగిండు. మానుకోట, జనగామ, భూపాలపల్లి అప్పుడు ఒక్క జిల్లనే. అయినా ఒక దగ్గరి నుంచి ఇంకో దగ్గరికి పోవాలంటె బస్సులు నడిచిన కాలంల గూడ సగం దినం పోతుండె.

ఉపాయం ఉన్నది. వీడియోల అందరు కలిసి మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఇంటర్నెట్‌ల ఉత్తగ దొరుకుతదని చదివి ఉంటి. ఉత్తగ అంటె వాడుకునుడే కాదు, దాని లోపటి రాత మొత్తం విప్పి చూడొచ్చు, మనకు కావల్సినట్టు మార్చుకోవచ్చు. మన దగ్గరున్న మిషన్ల పెట్టుకుంటె మన మిషనే సర్వర్ అయితది. ఎక్కడోళ్ళక్కడ అడ్రసు కొట్టి లోపటికి వస్తరు. మొఖాలు కనవడ్తయి, మాట ఇనవడ్తది, బోర్డు మీద లెక్క చేసి చూపియ్యొచ్చు. కంపెనీ దాంట్ల మాట్లాడితె మన మాట ఏ దేశంలనో ఉన్న వాళ్ళ మిషన్లకెళ్ళి పోతది. దీంట్ల మన మాట మన అర్రలనే ఉంటది. భాయ్‌కి ఈ ముక్క మస్తు నచ్చింది. మన చాయ్ మన గిలాసల తాగినట్టన్నమాట అన్నడు.

మూడు దినాలు పట్టింది. రెండు కంప్యూటర్ల ర్యామ్ పీకి మూడోదాంట్ల పెట్టిన. అది మూలకున్న పాత మిషను, ఫ్యాను మోత పిండి గిర్నీ లెక్క. ఎన్నిసార్లు ఆగిపోయిందో లెక్క లేదు. కోతల సంగతి తెలుసు గనుక, కరెంటు పోయి రాంగనే ఎవలూ ముట్టకుండనే అది లేచి పని మొదలుపెట్టేటట్టు చేసిన. నాలుగో దినం తెర మీద సార్ మొఖం వచ్చింది. ముందు నుదురు, జరసేపటికి మీసం. సార్ నోరు మెదిలినంక ఎంతసేపటికో మాట ఇనవడ్డది. కాలేజీల ఏ కార్యక్రమంల గూడ నేను అంత గట్టిగ చప్పట్లు కొట్టలే.

ఇగ చేసిన తప్పు చెప్తున్న. లోపటికొచ్చేటోళ్ళను ఆ సాఫ్ట్‌వేర్ పేరొక్కటే అడుగుతది. నాకది సాలలే. మా దిక్కు కొత్త మనిషి కనవడితె పేరు ఒక్కటి అడిగి ఎవలూ ఊకోరు. ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని అడుగుతరు. అవి తెలిసినంకనే కూసోమంటరు. పేరొక్కటే అడిగి లోపటికి రానిచ్చుడంటె మొఖం మీద తలుపేసినట్టే అనిపించింది. అందుకని లోపటి రాత విప్పి ఇంకో రెండు డబ్బాలు పెట్టిన. పేరు. ఊరు. ఎవరి బిడ్డ. మూడూ నింపితె గని తలుపు తెరుసుకోదు. నింపినయి మొఖం కింద కనవడ్తయి.

అక్కడికి ఆగితె అయిపోతుండె. నెట్ సెంటర్‌కు వచ్చినోళ్ళ పేర్లు రిజిస్టర్ల రాయించాలెనని రూలు ఉండె. భాయ్ ప్రతి ఆదివారం పాత రిజిస్టరు అటక మీద పెట్టి కొత్తది తెరుస్తుండె. నా సర్వర్ ఏం తక్కువ తిన్నది అనుకున్న. ఎవలెవలు వచ్చిండ్రో రోజూ ఒక ఫైల్ల రాసుకునేటట్టు, ఆదివారం దాన్ని 'పాతవి' అనే ఫోల్డర్ల పెట్టి కొత్తది మొదలుపెట్టేటట్టు చేసిన. చెయ్యమని ఎవలూ అడగలే. నాకే ముద్దొచ్చింది, చేసిన.

తలుపుకు తాళం వెయ్యవా బేటీ అని భాయ్ ఒక్కసారి అడిగిండు. అంటె పాస్‌వర్డ్. పాఠానికి తాళమేంది భాయ్ అన్న. అడ్రసు చిట్టీల మీద రాసి పంచిన. చాయ్ దుకాణంల గూడ ఒకటి అంటించిన.

బాపు ఒక దినం సెంటర్‌కు వచ్చిండు. తెర మీద నా మొఖం, కింద నా పేరు, ఊరు, ఆ కింద ఆయన పేరు. చదువరాదు గద, ఏడున్నదో వేలు పెట్టి చూపిచ్చిన. గిది నేనేనా అన్నడు. నువ్వే అన్న. అటుదిక్కు నుంచి సార్ ఆ అక్షరాలు చదివి, బాపును పేరు పెట్టి పిలిచి నమస్కారం చెప్పిండు. బాపు చెప్పులు ఇడిసి నిలవడ్డడు. అప్పటిదాక ఆయన పేరు రేషన్ కార్డు మీద, పట్టా పాస్‌బుక్కు మీద, నా సర్టిఫికెట్ల మీద తప్ప ఏడా లేకుండె.

ఇప్పుడు గంగారం పిల్ల సంగతి. మానుకోట హాస్టల్ల ఇంటర్ చదివినప్పుడు నాది, ఆమెది ఒక్కటే అర్ర. కోయోళ్ళ పిల్ల, తక్కువ మాట్లాడుతది. నేను ఇటు డిగ్రీకి వస్తె ఆమె నర్సు చదువుకు పోయింది. సమ్మెకు ముందటనే సర్కారు దవాఖానల నర్సు కొలువుకు ఆమె పేరొచ్చింది. పోలీసు ఎంక్వైరీ ఒక్కటే మిగిలింది. ఊరేదైనా ఎంక్వైరీ ఉంటది, గని గంగారం అంటె అన్నలు తిరిగిన అడివి. అటుదిక్కు పేరైతె రెండుసార్లు చదువుతరు. ఏ మీటింగు కాయితంల పేరు కనవడ్డా ఫైలు ఆన్నే ఆగుతది. తెలంగాణ అంటె ఆమెకు నాకన్న ఎక్కువ పానం, గని ఆ ఎంక్వైరీ అయ్యేదాక ఒక్క ఊరేగింపు దిక్కు గూడ పోవద్దని ఒట్టు పెట్టుకున్నది.

అసుంటి పిల్లకు నేను పదిసార్లు ఫోన్ చేసిన. ఒక్కసారి వచ్చి నా సర్వర్ చూడమని. నాకు జర భయమైతున్నదే అన్నది. లెక్కల పాఠమే గదనే, పాఠానికి భయమేంది అన్న. మొదటి వారంలనే, శనివారం, ఏదో ఇంటి పని మీద ఎవరిదో బండి పట్టుకొని మానుకోటకు వచ్చి, సార్ ఇంటికి పోయి కంప్యూటర్ ముందట కూసున్నది. మూడు డబ్బాలు నింపింది. పేరు, గంగారం, వాళ్ళ నాయిన పేరు. ఆమె మొఖం తెర మీదికి రాంగనే నేను పాసైన ముచ్చట మల్లొక్కసారి మొదటికెళ్ళి చెప్పిన. ఆమె నవ్వుకుంట ఇన్నది.

పాఠం అయినంక పిల్లలు పోలే. ఒకలెనుక ఒకలు సమ్మె ముచ్చట తీసిండ్రు. ఎక్కడ ధర్నా చెయ్యాలె, రైలు ఎప్పుడు ఆపాలె. ఆమెకు అర్థమయ్యెసరికి పావుగంట అయింది. పోతున్ననే అని లేచిపోయింది. గని నా రిజిస్టర్‌కు పాఠం వేరు, మీటింగు వేరు అని తెల్వది. వచ్చిన గడియ, పోయిన గడియ రాసుకున్నది. మరునాడు ఆదివారం. ఆ ఫైలు 'పాతవి'లకు పోయింది. నేను మరిసిపోయిన.

మూడో వారం వచ్చెసరికి రోజూ పాఠమెనుక మీటింగే. రైలు ఆపుడు ఏ దినమో తేల్చుకునే పొద్దు తెర మీద ఒక కొత్త డబ్బా వచ్చింది. కెమెరా లేదు, నల్లగ ఉన్నది. కింద పేరు: మిత్రుడు. ఊరు: జనగామ. ఎవరి బిడ్డ అన్న దగ్గర ఒక చుక్క. ఒట్టి చుక్క. నా తలుపు దాన్ని గూడ రానిచ్చింది, ఖాళీ లేకుంటె చాలని రాసిన గద.

కొత్త మనిషి వచ్చిండని నేను సంబరంగ అడిగిన. అన్నా, మీరెవరి బిడ్డ అని. జవాబు లేదు. భూపాలపల్లి పిలగాడొకడు, మీటింగులన్ని నడిపించేటోడు, అన్న సిగ్గుపడ్తున్నడక్కా, పెండ్లిసూపులనుకుంటున్నడు అన్నడు. అందరు నవ్విండ్రు. ఆ నల్ల డబ్బా నవ్వలే. వచ్చిన మనిషిని పొమ్మనుడు మాకు రాదు. రెండు గంటలు మాట్లాడుకున్నం. అందరు పోయినంక గూడ అది జరసేపు ఉన్నది. నేనొక్కదాన్ని, అదొక్కటి. ఫ్యాను మోత తప్ప ఏం లేదు. ఉంట అన్నా అని చెప్పిన నేను. అప్పుడు పోయింది.

రైలు ఆగలే. పట్టాల మీద కూసోకముందే, కూసుంటమన్న పిలగాళ్ళను పోలీసులు ఇండ్లల్లకెళ్ళి తీస్కపోయిండ్రు. మరునాడు పొద్దుగాల నేను మా ఊర్లె ఉన్న. బండ మీద ఎక్కితె భూపాలపల్లి పిలగాని ఫోన్ కలిసింది. అప్పుడే ఇడిసిపెట్టిండ్రట. గొంతు బొంగురుపోయి ఉన్నది.

"అక్కా, వాళ్ళ చేతిల కాయితం ఉన్నది. చూసి పిలిచిండ్రు. పేరు, ఊరు, ఎవరి కొడుకు. నువ్వు పెట్టిన వరుసనే."

ఎవలెవల పేర్లు ఉన్నయని అడిగిన. ఆ ఒక్క దినం మీటింగుల ఉన్నోళ్ళయే ఉన్నయన్నడు. అంతకు ముందటి దినాలయి లేవట. "అందుకే గా మిషను ఏడున్నదని అడుగుతుండ్రు. నేను చెప్పలే. గని ఎవలో చెప్తరక్కా" అన్నడు.

నాకు అప్పుడు సమజైంది. ఆ నల్ల డబ్బా వెనుక కూసున్నోళ్ళు తెర మీద కనవడ్డయి రాసుకున్నరు, అంతే. తెర మీద లేని దినాలన్ని నా మిషన్ల ఉన్నయి. గంగారం పిల్ల ఉన్నది, ఆమె ఊరున్నది, ఆమె నాయిన పేరున్నది. ఏ ఎంక్వైరీ అధికారికి అంతకన్న సులువైన కాయితం దొరకదు. భాయ్‌కి ఫోన్ చేసిన, ఎత్తలే. మల్ల చేసిన, ఎత్తలే. ఇక్కడినుంచి తుడుద్దామంటె ఊర్లె ఇంటర్నెట్ లేదు, ఉన్నా జనగామల ఒంటిగంట దాక కరెంటు కోత. మిషను సచ్చినట్టు పడుంటది. బొగ్గు తీసుడు మావోళ్ళే ఆపిండ్రు. అది నాకు మంచిదో చెడ్డదో ఆ గడియల తెలుస్తలేదు.

బాపు బర్రె పాలు పితుకుతున్నడు. మొన్న నీ పేరు చూపిచ్చిన గద, అసుంటిదే గంగారం పిల్ల నాయిన పేరు గూడ ఆ మిషన్ల ఉన్నది, పోలీసులు చూడకముందు తుడువాలె అని చెప్పిన. "తుడిస్తె పోతదా?" అన్నడు. పోతది అన్న. చెంబు అవ్వ చేతికిచ్చి మోపెడు బయటికి తీసిండు.

సగం తొవ్వల రోడ్డు మీద పొయ్యిలు. రోడ్డు మీదనే వండుడు, ఆన్నే కూసొని తినుడు, బండ్లను పోనియ్యకపోవుడు, గప్పుడు ఊరూర నడుస్తుండె. మేం మొదటి బంతికే దొరికినం. అర్జెంటు పని ఉన్నదని బాపు దండం పెట్టిండు. తిని పోరాదు కాకా, మేమేం విషం పెడ్తున్నమా అన్నరు. నేను ఇస్తరి ముందట కూసొని అన్నం కలుపుతనే ఉన్న, నోట్లెకు పోతలేదు. వడ్డించే ఆమె నన్ను చూసి, "ఏం చెల్లె, ఆకలి లేదా, తెలంగాణ వద్దా?" అన్నది. అందరు నవ్విండ్రు. కావాలె అక్కా అని బుక్కలు మింగిన. ఏం చదువుకున్నవ్ బిడ్డా అని ఎవరో ముసలాయన అడిగిండు. నేను చెప్పలే. నా డిగ్రీ ముచ్చట నా నోటికెళ్ళి రాని మొదటి సందర్భం అదే. బాపే చెప్పిండు.

జనగామకు పొయ్యెసరికి పన్నెండు దాటింది. సమ్మె మొదలైనసంది సగమే లేసి ఉండే షట్టర్ ఆ దినం మొత్తం పైకి లేసి ఉన్నది. లోపట ఇద్దరు మనుషులు, మామూలు బట్టలల్ల. ఏ స్టేషనో చెప్పలే, మేం అడగలే. ఒకాయన పెద్ద వయసు, భాయ్ రిజిస్టరు తోటే ఇసురుకుంటున్నడు. ఇంకొకాయన నాకన్న నాలుగైదేండ్లు పెద్ద ఉంటడు, గోడకు ఆని నిలవడ్డడు. భాయ్ ముందట చాయ్ గిలాసలు, ఆయన సెల్లు పెద్దాయన దగ్గర బల్ల మీద. అందుకే ఎత్తలే. మూలకు నా మిషను. వాళ్ళు గూడ కరెంటు కోసమే కూసున్నరు.

పెద్దాయన నన్ను చూసి తల లేపిండు. పేరు అన్నడు. చెప్పిన. ఊరు. చెప్పిన. ఎవరి బిడ్డవు. నేను మిషన్ల పెట్టిన వరుసనే అది. నేను నోరు తెరవకముందే బాపు ముందటికొచ్చి, నా బిడ్డనే సార్, డిగ్రీ పాసైంది, మా ఇంట్ల ఈమెనే మొదలు అన్నడు. అనుకుంట అనుకుంట అలవాటు చొప్పున, "మీది ఏ ఊరు సార్? ఎవరి కొడుకులు?" అని అడిగిండు.

పెద్దాయన ఇసురుకునుడు ఆపిండు. గోడకు ఆనినాయన ఊకనే, అడిగితె చెప్పాలె అన్నట్టు, "చిట్యాల దిక్కు" అన్నడు. పెద్దాయన ఆయన దిక్కు చూసిండు. ఇగ తండ్రి పేరు రాలే.

పాత రిజిస్టర్లు ఏవని పెద్దాయన అడిగితె, భాయ్ అటక చూపిచ్చిండు. ప్రతి ఆదివారం పాతది పైన పెడ్త సాబ్, నాది పక్కా కారోబార్ అన్నడు. చిన్నాయన అటక దిక్కు చూసిండు, తరువాత నా మిషను దిక్కు చూసిండు. దుకాణంల ఆరు కంప్యూటర్లు, అయిదుగురు మనుషులు, ఉక్కపోత. నేను గోడ గడియారం చూస్తున్న. అది బ్యాటరీ సెల్లు మీద నడుస్తది, దానికి కోత లేదు.

ఒంటిగంటకు ముందు ఫ్యాను రెక్క కదిలింది. వెనకనే మూలకున్న మిషను బీప్ మన్నది. ఎవలూ ముట్టలే, దానంతట అదే లేచింది. నేనే నేర్పిన గద.

నేను చూపిస్త సార్ అని ఉరికి కుర్చీల కూసున్న. తెర నల్లగయింది, తెల్ల అక్షరాలు. ఇగ మొదలుపెట్టిన. సార్ ఇది ఉత్తగ దొరికే సాఫ్ట్‌వేర్ సార్, దీని లోపటి రాత ఎవలైన చూడొచ్చు సార్, బయట ఇదే వీడియో మాట కావాలంటె పెద్ద కంపెనీలే పెట్టుకుంటయి సార్, నేను రెండు మిషన్ల ర్యామ్ పీకి చేసిన సార్. నోరు ఆగుతలేదు. నిజంగనే సంతోషంగ చెప్పిన, అదే నాకు ఇప్పటికీ సమజ్ కాదు. భయంల గూడ నాకు ఆ మిషను గురించి చెప్పుడంటె సంబరమే. చెప్పుకుంట చెప్పుకుంటనే ఫోల్డర్ తెరిచిన, ఆ వారం రిజిస్టరు మీద తుడిసే కమాండు కొట్టిన. ఒక్క వరుస. ఎంటర్. ఇట్ల చేస్తె సర్వర్ సాఫ్ అయితది సార్ అని గూడ చెప్పిన. పెద్దాయన ఆవులించిండు.

మొఖాలు ఏవి అన్నడు. ఖాళీ అర్ర తెరిచి చూపిచ్చిన. వచ్చినోళ్ళ పేర్లు ఏడుంటయన్నడు. కరెంటు పోతె పోతయి సార్ అన్న. ఆయన చిన్నాయన దిక్కు తిరిగి, నిజమేనా అని అడిగిండు. చిన్నాయన నా కుర్చీ వెనుకనే నిలవడి ఉన్నడు. ఎప్పటిసంది ఉన్నడో నాకు తెల్వది. తెర మీద నేను కొట్టిన వరుసలన్ని అట్లనే ఉన్నయి, తుడిసిన వరుస గూడ. ఆయన కండ్లు ఒక్కొక్కటి దిగుకుంట వచ్చినయి.

"కావచ్చు సార్" అన్నడు.

ఏదైతేంది, మిషను బండిల పెట్టు అని పెద్దాయన లేచిండు. భాయ్ తోటి ఏదో కాయితం మీద సంతకం పెట్టిస్తుంటె, చిన్నాయన తీగలు పీకుతందుకు బల్ల కిందికి వంగిండు. నేను ఇటుదిక్కు నుంచి వంగి పట్టుకున్న. అప్పుడు ఆయన నా మొఖం చూడకుండనే మెల్లగ అడిగిండు.

"ఆ 'పాతవి'ల ఏమున్నయి?"

అప్పుడు యాదికొచ్చింది. ఆదివారం. గంగారం పిల్ల మొదటి వారంల వచ్చింది. నేను తుడిసిన దాంట్ల ఆమె పేరే లేదు. ఆమె ఉన్నది తుడువనే లేదు. ఆయన తీగ నా చేతికెళ్ళి తీసుకొని చుట్టి, మిషను సంకన పెట్టుకొని పోయిండు. జీపు మలుపు తిరిగినంక బాపు అడిగిండు, తుడిసినవా బిడ్డా అని. తుడిసిన అన్న. బాపుకు నేను చెప్పిన మొదటి అబద్ధమో, సగం అబద్ధమో.

గంగారం పిల్లకు చెప్పలే. చెప్తె ఏం చేస్తది, అడివి అంత భయం తలకెత్తుకుంటది. నా నోట్లె ఆగిన ముచ్చట అదొక్కటే. ఫోన్ చేస్తె మంచిగున్నవా అని అడిగి పెట్టేస్తుంటి. ఏమైందే, నీకు చెప్పేతందుకు ఏం ముచ్చట్లు లేవా అని ఆమె నవ్వుతుండె. సమ్మె అయిపోయింది. బస్సులు తిరిగినయి. మానుకోట సార్ కాలేజీకి పోయిండు. భూపాలపల్లి పిలగాళ్ళు నలుగురు కోర్టు వాయిదాలకు తిరుగుతుండ్రు, వాళ్ళ పేర్లు ఆ ఒక్క దినం కాయితంలయి. ఎప్పుడు జీపు సప్పుడైనా భాయ్ లెక్కపెట్టే చిల్లర ఆపి బయటికి చూస్తుండె.

ఒకసారి ఆమెనే ఫోన్ చేసి, ఎంక్వైరీకి వచ్చిండ్రే అని చెప్పింది. ఇద్దరు వచ్చిండ్రట, ఆమె నాయినను పిలిచి కూసోబెట్టి అన్ని అడిగిండ్రట. ఏ మీటింగులకన్న పోయిందా అని గూడ అడిగిండ్రట. ఆయన లేదన్నడట. వాళ్ళు చేతిల కాయితం చూసుకొని, మల్ల ఆయన మొఖం చూసి, లేచిపోయిండ్రట. కాయితంల ఏమున్నదే అని నేను అడిగిన. నాకెట్ల తెలుస్తదే అన్నది. ఆ వారం నేను అన్నం సక్కగ తిన్లే.

ఆమెకు ఆర్డర్ కాయితం వచ్చింది. పోస్టుమ్యాన్ ముందటనే చదివి నాకు ఫోన్ చేసింది, తక్కువ మాట్లాడే పిల్ల, ఊపిరి తీసుకోకుండ మాట్లాడింది. నేను కొట్టంల బర్రె పక్కన కూలవడ్డ. ఏడుపు, నవ్వు రెండు కలిసొచ్చినయి. బర్రెకు మల్ల చెప్పిన. అది అప్పుడు గూడ నములుడు ఆపలే.

మిషను మస్తు దినాల తరువాత వచ్చింది, రాష్ట్రం వస్తదని అందరు అనుకుంటున్న రోజులల్ల. వచ్చి తీస్కపొమ్మని భాయ్‌కి కబురొచ్చింది. మూత మీద దుమ్ము, పక్కన ఒక స్క్రూ లేదు. అందరు పోయినంక నేను కరెంటు ఇచ్చిన. ఎప్పటి లెక్కనే దానంతట అది లేచింది. 'పాతవి' తెరిచిన. మొదటి వారం ఫైలు ఉన్నది. దాన్ని ఆఖరికి ముట్టింది ఎప్పుడని చూస్తె, మిషను జీపెక్కిన దినం, పొద్దుగూకే యాళ్ళ.

శనివారం దాక దిగుకుంట వచ్చిన. సార్ పేరు ఉన్నది. భూపాలపల్లి పిలగాళ్ళవి వరుసగ ఉన్నయి. నాది ఉన్నది, నా పేరు పక్కన మా ఊరు, మా బాపు పేరు. దాని కింద ఒక వరుస ఖాళీ. గంగారం ఏడా లేదు. మిగిలినయి ఒక్కటి గూడ కదలలే.

అంటె ఆ చిన్నాయన అన్ని చదివిండు. ఒక్కొక్కల ఊరు, ఒక్కొక్కల తండ్రి పేరు చదివి, ఏది ఉంటె ఎవలకు ఏమైతదో చూసి, అదొక్కటి తీసిండు. మిగిలినోళ్ళను ఉండనిచ్చిండు. నన్ను గూడ. ఆ నల్ల డబ్బా వెనుక కూసున్నది గూడ ఆయనేనా, ఇంకెవలన్ననా, నాకిప్పటికీ తెల్వదు. మిత్రుడు పెట్టిన చుక్క నేను తుడిసిన ఫైల్లనే పోయింది.

ఇంటికి పోయి బాపుకు మొత్తం చెప్పిన, ఆ దినం చెప్పిన సగం అబద్ధంతోటి సహా. బాపు మొత్తం ఇని, "చిట్యాల దిక్కు అన్నడు గని ఎవరి కొడుకో చెప్పకపాయె" అన్నడు.

అప్పటిసంది చిట్యాల దిక్కోళ్ళు ఎవలు కనవడ్డా, సంతల, బస్సుల, పెండ్లిళ్ళల్ల, బాపు అడుగుతనే ఉన్నడు. సన్నటి పిలగాడు, కంప్యూటర్ తెలిసినోడు, పోలీసుల కొలువు, ఎవరి కొడుకై ఉంటడని. అడగకు బాపు అని నేను ఎన్నిసార్లు చెప్పినా ఇనడు. ఒక దినం ఎవలన్న గట్టిగ చెప్తరేమో, అది ఆయన పై అధికారులెవలన్న ఇంటరేమో అని నాకు భయం.